పెన్న ఒడ్డు గుళ్ళు రెండు రోజుల్లో: తొమ్మిది వద్దు, నాలుగైదు చాలు

మీరడిగింది ఇదీ: హైదరాబాదు నుంచి ఆరుగురు వస్తున్నారు. శనివారం తెల్లారేసరికి నెల్లూరులో దిగి, ఆదివారం రాత్రి రైలుకి వెనక్కి వెళ్ళాలి. కార్తీక మాసం. అమ్మగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఇద్దరు పిల్లలు. ఒక ట్రావెల్స్ వాళ్ళు ‘నదీతీర పురాతన ఆలయాలు, గైడుతో సహా, ఒకటిన్నర రోజులో తొమ్మిది గుళ్ళు’ అని వాట్సాప్‌లో పంపారు. డబ్బు కట్టొచ్చా, అసలు గైడు అవసరమా, కారు మాట్లాడుకుని మేమే తిరగొచ్చా అని మీ ప్రశ్న.

నాది నెల్లూరే అమ్మా. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. పాతికేళ్ళుగా సెలవు రోజుల్లో ఈ ఏటి ఒడ్డున జనాన్ని తిప్పుతున్నాను. మొదట బంధువులు, తర్వాత బంధువుల బంధువులు, ఇప్పుడు ఎవరు ఎవరికి ఏమవుతారో నాకే తెలీదు. డబ్బు తీసుకోను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. ఆ తొమ్మిది గుళ్ళ కాగితం పక్కన పెట్టేయండి.

కారణం భక్తి, చరిత్ర ఏమీ కాదు, ఉత్త లెక్క. కార్తీకంలో మాకు ఆరు దాటాక వెలుగొస్తుంది, సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి చాలా గుళ్ళు తలుపులు వేస్తే మళ్ళీ నాలుగు ప్రాంతంలోగానీ తీయరు. మిగిలిన ఎనిమిది గంటల్లో ప్రయాణం, టిఫిను, పిల్లల బాత్రూములు, కార్తీక మాసం క్యూలు తీసేయండి. గుడికి ఇరవై నిమిషాలొస్తాయి. ఇరవై నిమిషాల్లో మీ అమ్మగారు కారు దిగి చెప్పులు విడిచేసరికి డ్రైవరు హారన్ కొడతాడు. అలా తొమ్మిది గుళ్ళు తిరిగొచ్చిన వాళ్ళని నెల రోజుల తర్వాత అడిగి చూశాను. ఏ గోపురం ఏ ఊళ్ళోదో ఒక్కరికీ గుర్తు లేదు, ప్రసాదం పులిహోర ఎక్కడ బాగుందో మాత్రం గుర్తుంది.

నేను చేసేది వేరే. గుళ్ళని లెక్కపెట్టకుండా ఏటిని పట్టుకుని పోతాను. పెన్న కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, అనంతపురం, కడప దాటుకుని మా జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. శాస్త్రాల పేరు పినాకిని. విజయవాడ, మద్రాసు మధ్య తిరిగే పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి ఆ పేరు దీన్నుంచే వచ్చింది. సోమశిల డ్యాము దాటాక నెల్లూరు దాకా ఆ ఏటికి రెండు వైపులా ఉన్న గుళ్ళన్నీ ఒకే కథలో ముడిపడి ఉంటాయి. ఆ కథ తెలిస్తే నాలుగు గుళ్ళు చాలు. తెలియకపోతే నలభై చూసినా ఒకటే.

కథ ఇది. కశ్యప మహర్షి పెన్న ఒడ్డున యజ్ఞం చేశాడని స్థలపురాణం. దక్షిణపు ఒడ్డున ఉన్న కొండ వేదగిరి, ఇప్పటి నరసింహకొండ. ఉత్తరపు ఒడ్డున యజ్ఞవాటిక ఉన్న చోటు జొన్నవాడ. ఊరి పేరుకీ జొన్నలకీ సంబంధం లేదు. యజ్ఞానికి తద్భవం జన్నం. జన్నవాడ కాస్తా జనం నోట్లో జొన్నవాడ అయింది. ఏటి వాలులో ఇంకాస్త కిందికి వస్తే నెల్లూరు రంగనాథుడు. ఆ గుడి కూడా ఇదే యజ్ఞం కథలో భాగమని చెప్తారు. అంటే శివుడు, అమ్మవారు, నరసింహుడు, రంగడు అందరూ ఒకే యజ్ఞం చుట్టూ, ఒకే ఏటికి అటూ ఇటూ ఉన్నారు. శైవం, వైష్ణవం అని గోడలు కట్టుకోని ఊరు మాది. ‘హరిహరనాథుడు’ అని ఇద్దర్నీ కలిపి భారతాన్ని అంకితమిచ్చిన తిక్కన ఇక్కడివాడు కావడం నాకు వింతగా అనిపించదు.

ఇప్పుడు వరస చెప్తాను. వరస ముఖ్యం, ఎందుకంటే ఏరు మధ్యలో ఉంది, ఎక్కడబడితే అక్కడ దాటలేరు.

శనివారం పొద్దున్నే ముందు జొన్నవాడ. రైలు దిగి లాడ్జిలో సామాను పడేసి, స్నానం చేసి ఆరున్నరకల్లా బయల్దేరండి. పెన్న వంతెన దాటి కోవూరు వైపు పోయి ఎడమ చేతికి తిరిగితే మొత్తం పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. మల్లికార్జునస్వామి, కామాక్షితాయి. శివుడి గుడి అని చెప్పాలిగానీ, మా జిల్లాలో ఎవరూ ‘మల్లికార్జునస్వామి దగ్గరికి పోతున్నా’ అనరు. ‘అమ్మ దగ్గరికి పోతుండా’ అంటారు. గుడి 1150లో కట్టారంటారు. అమ్మవారి ముందు శ్రీచక్రాన్ని ఆది శంకరులు ప్రతిష్ఠించారని ఇక్కడి నమ్మకం.

ఈ గుడి ప్రత్యేకత చూడాలంటే ఇలా పొద్దున్నే రావాలి. రాత్రంతా గుళ్ళో పడుకున్న జనం అప్పుడే లేస్తుంటారు. మనసు బాగాలేని వాళ్ళు, గాలి సోకిందని ఇంట్లో వాళ్ళు అనుకునే వాళ్ళు, పిల్లలు లేని వాళ్ళు ఇక్కడ నిద్ర చేస్తారు. పెన్నలో మునిగి తడి బట్టలతో ప్రదక్షిణ చేస్తారు. ఒకసారి మంటపం మూల ఒకామె తన పదహారేళ్ళ కూతుర్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుని ఉంది. ఆ పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూడ్డం లేదు. పక్కనే ప్లాస్టిక్ కవర్లో టవలు, దువ్వెన, ఇంకో కవర్లో నెల్లూరు ఆస్పత్రి చీటీలు. తల్లి నన్ను చూసి, ‘మాత్రలు మానలేదయ్యా, అమ్మ దగ్గర కూడా ఉందామని వచ్చాం’ అంది, నేను ఏమీ అడక్కపోయినా. ఇలాంటి చోట మీ పిల్లలు వేలెత్తి చూపకుండా, ఫోను తీసి ఫొటోలు కొట్టకుండా ముందే చెప్పి తీసుకురండి. గైడనేవాడు ఈ మాట బస్సులోనే చెప్పాలి. చాలామంది చెప్పరు, పైపెచ్చు ‘అటు చూడండి, దయ్యం పట్టిన వాళ్ళు’ అని గట్టిగా అరిచేవాణ్ణి ఒకణ్ణి నా కళ్ళతో చూశాను.

బ్రహ్మోత్సవాలు వైశాఖంలో. ధ్వజారోహణం నాడు కొడిముద్దలని ప్రసాదం ఇస్తారు, సంతానం కోసం ఆడవాళ్ళు కొంగు పట్టి తీసుకుంటారు. ఆ రోజు రోడ్డు మీద బండి కదలదు. మీరొచ్చేది కార్తీకం కాబట్టి ఆ రద్దీ ఉండదుగానీ, శివాలయం కదా, సోమవారాలు మాత్రం కిక్కిరిసి ఉంటుంది. శనివారం రావడం మీ అదృష్టం.

ఏట్లో దిగడం గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఇది అన్నిటికంటే ముఖ్యం. పెన్న చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. ఇసక, మధ్యలో పాయలు పాయలుగా నీళ్ళు, మోకాలు తడవదనిపిస్తుంది. కానీ ఇసక తవ్వుకుపోయిన చోట గుంతలుంటాయి, పైన నీళ్ళు చదునుగా పారుతుంటే అవి కనబడవు. చాలా ఏళ్ళ కిందట మా బ్యాచిలో పన్నెండేళ్ళ కుర్రాడు పిక్కల్లోతు నీళ్ళలో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగు పక్కకి వేశాడు. అంతే, జుట్టు తప్ప ఏం కనబడలా. వాళ్ళ మేనమామ పక్కనే ఉన్నాడు కాబట్టి చొక్కా కాలరు పట్టుకుని లాగాడు. ఆ రోజు నుంచి నా బ్యాచిలో ఎవరైనా మెట్ల రేవు దాటి దిగితే బండెక్కించి వెనక్కి పంపేస్తానని ముందే చెప్తాను. మీరూ మెట్ల దగ్గరే చెంబుతో పోసుకోండి. అమ్మగారికైతే పిల్లలు చెంబుతో తెచ్చి తల మీద చల్లితే సరిపోతుంది. కార్తీక స్నానం ఫలం చెంబుకి తగ్గదు.

జొన్నవాడ నుంచి బుచ్చి దగ్గరే. బుచ్చిరెడ్డిపాలెం అని బోర్డు మీద ఉంటుంది, అలా పిలిచేవాళ్ళు లేరు. టిఫిను అక్కడ చేయండి. కారం దోశ నెల్లూరు పద్ధతిలో, పైన ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లి కాలుస్తారు. పిల్లలకి సాదా దోశ చెప్పండి, మా కారాన్ని తక్కువ అంచనా వేయొద్దు. బుచ్చిలో కోదండరామస్వామి గుడి ఉంది. ఎత్తయిన గోపురం, బాగా చూసుకుంటున్న గుడి. కానీ ఏటి ఒడ్డుది కాదు, మనం చూడబోయే వాటంత పాతదీ కాదు. తొమ్మిది గుళ్ళ కాగితంలో ఇది తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే దారిలోనే ఉంది. అరగంట మిగిలితే చూడండి, లేకపోతే బయటి నుంచి దణ్ణం పెట్టి ముందుకి సాగండి.

అక్కణ్ణించి బొంబాయి రోడ్డు మీద సంగం. పేరే చెప్తోంది, వాగులు పెన్నలో కలిసే చోటు. సంగమేశ్వరుడి గుడి ఏటి పక్కనే. గుడి చిన్నది, పావుగంటలో దర్శనమవుతుంది. నేనిక్కడికి తీసుకొచ్చేది గుడి కోసం ఎంతో, ఏరు కోసం అంత. సంగంలో పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్ళు కట్టిన ఆనకట్ట ఉండేది. నెల్లూరు దగ్గర ఆనకట్ట అంతకంటే ముందే, 1855 నాటికే వచ్చింది. ఆ రెండు ఆనకట్టలతో డెల్టాలో వరి పండింది. మొలగొలుకులని మీరు పేరు విని ఉంటారు, ఆ బియ్యం వాసన వెనక ఉన్నది ఈ నీళ్ళే. పాత ఆనకట్ట మీదే జనం అటూ ఇటూ దాటేవాళ్ళు. ఏరు పొంగితే రాకపోకలు బందు, దాటబోయి కొట్టుకుపోయిన వాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు దాని దగ్గరే బ్యారేజి, పైన రెండు వరసల రోడ్డు వచ్చాయి. 2022 సెప్టెంబరు 6న నెల్లూరు బ్యారేజితో పాటే ప్రారంభించారు. మీ అమ్మగారి మోకాళ్ళకి ఇది వరం. ముందైతే జొన్నవాడ చూసి, ఎదురుగా కనబడుతున్న నరసింహకొండకి పోవడానికి మళ్ళీ నెల్లూరుకి వెనక్కి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు సంగం దగ్గర ఏరు దాటి, పొదలకూరు వైపు దిగి, దక్షిణపు ఒడ్డు మీదుగా కిందికి వచ్చేయొచ్చు. ఏటి చుట్టూ ఒక ప్రదక్షిణ అయినట్టే. బ్యారేజి మీద బండి ఆపనివ్వరు, దిగాక పక్కన ఆపి పిల్లలకి గేట్లు చూపించండి. ఏ గుళ్ళో నిలబడని పిల్లలు అక్కడ అరగంట నిలబడతారు, ఇది నా అనుభవం.

మధ్యాహ్నం భోజనం సంగతి: ఏటి అవతల మంచి హోటలు వెతుక్కోవద్దు. పొద్దున బుచ్చిలోనే పులిహోర, పెరుగన్నం కట్టించుకోండి. దారిలో ఎక్కడన్నా ఉసిరి చెట్టు కనబడితే దాని కింద కూర్చుని తినండి, కార్తీకం కాబట్టి వనభోజనం కూడా అయిపోతుంది. నెల్లి అంటే ఉసిరే. నెల్లి చెట్టు కింద శివలింగం బయటపడిందనీ, అందుకే నెల్లూరనీ కథ ఉంది. ఆ కథ ఉన్న గుడి రేపు చూస్తారు.

నరసింహకొండకి మూడున్నర, నాలుగుకి చేరాలి, అంతకు ముందు వద్దు. ఒకసారి మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక బ్యాచిని ఎక్కించాను, తప్పు పూర్తిగా నాదే. తలుపులు మూసి ఉన్నాయి. రాతి నేల మీద చెప్పుల్లేకుండా పది అడుగులు వేసేసరికి ఇద్దరు పెద్దావిడలకి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కొబ్బరి నూనె రాసి కార్లో కూర్చోబెట్టి, మిగతా ప్రయాణం అంతా వాళ్ళ తిట్లు వినుకుంటూ వచ్చాను. కార్తీకంలో అంత ఎండ ఉండదు గానీ, అమ్మగారికి ఒక జత మందపాటి సాక్సు బ్యాగులో పెట్టండి. సాక్సుతో ప్రదక్షిణ చేయొచ్చా అని మీకు అనుమానం వస్తే అర్చకుణ్ణి అడగండి, పెద్దవాళ్ళని ఎవరూ ఏమీ అనరు.

కొండ పైదాకా బండి పోతుంది, మెట్లు ఎక్కనక్కర్లేదు. పైన వేదగిరి లక్ష్మీనరసింహస్వామి. పల్లవుల కాలపు గుడి అంటారు, నరసింహవర్మ కట్టించాడని చెప్పుకుంటారు. సప్తర్షులు యజ్ఞం చేశారనే కథకి తగ్గట్టు కొండ మీద ఏడు కోనేర్లున్నాయి. కొన్నిట్లో నీళ్ళుంటాయి, కొన్ని పొదలు కమ్మేసి ఉంటాయి. ఏడూ వెతకాలని పిల్లలు పందెం వేసుకుంటారు, కోనేటి అంచున మాత్రం చెయ్యి పట్టుకునే ఉండండి, పాచి.

దర్శనమయ్యాక వెంటనే దిగిపోకండి. ఈ యాత్ర మొత్తంలో నేను దాచుకుని దాచుకుని చూపించేది ఇక్కడే. ఉత్తరం వైపు అంచుకి రండి. కింద పెన్న మొత్తం పరుచుకుని ఉంటుంది. తెల్లటి ఇసక పరుపు, దాని మీద మూడు నాలుగు పాయలు, ఒడ్డున పచ్చగా వరి మళ్ళు. అవతలి ఒడ్డున పొద్దున మీరు దణ్ణం పెట్టుకొచ్చిన జొన్నవాడ. అప్పుడు చెప్పాలి కశ్యపుడి యజ్ఞం కథ. నేను పొద్దున అస్సలు చెప్పను, ఎవరడిగినా సాయంత్రం దాకా ఆగమంటాను. పొద్దున చెప్తే అది ఉత్త కథ. కొండ మీద నిలబడి, అగ్ని ఇక్కడ, వాటిక అదిగో అక్కడ, రంగడు అటు కుడి చేతి వైపు నెల్లూరు దగ్గర అని చేత్తో చూపిస్తే పిల్లలు కూడా నోరు మూసుకుని వింటారు. పొద్దు గుంకే వేళకి నీటి పాయలు ఎర్రబడతాయి. చీకటి పడకముందే కొండ దిగండి.

రాత్రికి నెల్లూరులో పడుకుంటారు. కార్తీకం కాబట్టి చేపల పులుసు ఊసెత్తను. ఎత్తినట్టే అయింది, క్షమించాలి. మాగాయలాంటి పుల్లటి మామిడి ముక్కలేసి మా ఊళ్ళో చేసే పులుసు తినకుండా పోతున్న వాళ్ళని చూస్తే జాలేస్తుంది. మాఘంలో మళ్ళీ రండి.

ఆదివారం పొద్దున రంగనాయకులపేట. తల్పగిరి రంగనాథస్వామి గుడి పెన్న దక్షిణపు ఒడ్డునే. తల్పం అంటే పడక. ఆదిశేషుడే స్వామికి పడకగా, కొండగా వెలిశాడని కథ. గిరి ఎక్కడుందని పిల్లలు అడుగుతారు, మన కళ్ళకి చెప్పుకోదగ్గ కొండేమీ కనబడదు. ‘స్వామి పడుకుని ఉన్నాడు కదా, ఆయన కింద ఉంది’ అని నేను తప్పించుకుంటాను. ముందున్న గాలిగోపురం సుమారు 70 అడుగులు, మీద బంగారు పూత కలశాలు. ఆ ద్వారం కింద ఒక్క నిమిషం ఆగండి. ఏటి మీది గాలి అందులోంచి ఒకటే పోతగా వస్తుంటుంది, పేరు ఎవరు పెట్టారోగానీ సరిగ్గా పెట్టారనిపిస్తుంది. లోపల అద్దాల మంటపం పిల్లలకి నచ్చుతుంది. అదే గుళ్ళో అన్నిటికంటే పాతదనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. తర్వాతి కాలంలో చేర్చింది అది.

గుడి వెనక ఏటి వైపు వెళ్ళి కూర్చోండి, అరగంట. తిక్కన గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పదమూడో శతాబ్దం, నెల్లూరు అప్పుడు విక్రమసింహపురి, రాజు మనుమసిద్ధి. తిక్కన ఆయన మంత్రి. రాజు గద్దె పోగొట్టుకుంటే తిక్కన ఓరుగల్లు పోయి కాకతీయ గణపతిదేవుణ్ణి ఒప్పించి సేన తెచ్చాడు. విరాటపర్వం మొదలుకుని పదిహేను పర్వాలు తెలుగు చేసింది ఈ ఊళ్ళోనే. కీచకుడి మాటలు, ద్రౌపది మాటలు మన ఇంట్లో వాళ్ళు మాట్లాడుకున్నట్టు ఉంటాయంటే, ఆయన విన్న జనం ఈ ఏటి ఒడ్డు జనమే కాబట్టి అనుకుంటాను. పిల్లలకైతే ఖడ్గతిక్కన కథ చెప్పండి. కవిగారి అన్నదమ్ముల వరస, కత్తి పట్టినవాడు. పుల్లరి, అంటే పశువుల మేత పన్ను దగ్గర గొల్లల నాయకుడు కాటమరాజుతో తగువొచ్చి యుద్ధమైంది, అది పాలేటి ఒడ్డున జరిగిందని చెప్తారు. గొల్లసుద్దుల వాళ్ళు ఇప్పటికీ పాడతారు.

అక్కణ్ణించి మూలాపేట పోయి మూలస్థానేశ్వరుణ్ణి చూస్తే మీ నాలుగైదు గుళ్ళు పూర్తి. ఉసిరి చెట్టు కథ ఈ గుడిదే. ఊరికి పేరిచ్చిన గుడి అని మా వాళ్ళ గర్వం. మధ్యాహ్నం పడుకోండి, సాయంత్రం మలై కాజాలు కట్టించుకుని రైలెక్కండి.

ఇక ‘పురాతన’ అన్న మాట. ట్రావెల్స్ కాగితంలో ప్రతి గుడి పక్కనా రెండు వేల ఏళ్ళు, అయిదు వేల ఏళ్ళు అని రాసి ఉంటుంది. పురాణం ప్రకారం సరే. రాయి ప్రకారం అడిగితే అలా ఉండదు. చోటు పాతది, కొలుపు పాతది. గర్భగుడి ఒక కాలానిది, మంటపం ఇంకో కాలానిది, గోపురం మొన్నమొన్నటిది, నేల మీద గ్రానైటు పలకలు పోయినేడాదివి. కొన్ని గుళ్ళల్లో శాసనం ఉన్న రాతి మీద సున్నం కొట్టేశారు, ఇంకో చోట పెయింటు పూసి పైన దాత పేరు రాశారు. నా కళ్ళ ముందే ఒక గుడిలో, పేరు చెప్పను, శాసనం ఉన్న బండని మెట్టుగా వేసి దాని మీద నడుస్తున్నారు. మా జిల్లా శాసనాలు మూడు సంపుటాలుగా బటర్‌వర్త్, వేణుగోపాల్ శెట్టి అనే ఇద్దరు 1905లోనే మద్రాసులో అచ్చు వేయించారు. 1904లో గుంటూరు జిల్లాలోకి పోయేదాకా ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాదే, కందుకూరు, కనిగిరి ఆ తర్వాత కూడా ఇందులోనే ఉండేవి. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో ఒంగోలు జిల్లాగా, రెండేళ్ళకి ఆ పేరొచ్చింది. అందుకే రెండు జిల్లాల గుళ్ళ పాత లెక్కలు ఆ సంపుటాల్లోనే దొరుకుతాయి.

గైడు కావాలా అన్నారు. కావాలి, కానీ సరైనవాడు కావాలి. ఫోన్లోనే పరీక్ష పెట్టొచ్చు. ‘జొన్నవాడ గుడి ఎన్నేళ్ళదండీ?’ అని అడగండి. ‘వేల సంవత్సరాలండీ’ అని ఆగిపోతే వద్దు. ‘దేన్ని అడుగుతున్నారు, స్థలపురాణమా, కట్టడమా?’ అని ఎదురు అడిగితే ఆయన్ని వదలొద్దు. రెండోది, మధ్యాహ్నం గుళ్ళు మూసి ఉండే నాలుగు గంటల సేపు మమ్మల్ని ఎక్కడ ఉంచుతారు అని అడగండి. దానికి జవాబు లేనివాడు మిమ్మల్ని ఏదో ఒక హోటలు ముందు దించేసి వెళ్ళి పడుకుంటాడు. మూడోది, స్పెషల్ దర్శనం, పూజ, కొబ్బరికాయ, పార్కింగు ప్యాకేజీలోనేనా, విడిగానా. ఈ మాట మాత్రం వాట్సాప్‌లో రాయించుకోండి, నోటి మాట గుడి దాకా వచ్చేసరికి మారిపోతుంది. ఇంత వెతికినా మంచి మనిషి దొరక్కపోతే కారు మాట్లాడుకుని పైన రాసింది ఫోన్లో పెట్టుకుని మీరే తిరగండి. డ్రైవరు నెల్లూరు వాడైతే చాలు, సగం గైడే.

మీ దగ్గర ఇంకో రోజు ఉంటే ఒక్క చోటే చెప్తాను, రెండు చెప్పను. భైరవకోన. కనిగిరి వైపు చంద్రశేఖరపురం మండలం, నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి, సీతారాంపురం మీదుగా మూడు గంటలకి తక్కువ పట్టదు. కొండని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు. ఏడు తూర్పుకి చూస్తాయి, ఒకటి ఉత్తరానికి. పల్లవుల శిల్పం తెలిసినవాళ్ళు స్తంభం మొదట్లో కూర్చున్న సింహాన్ని చూడగానే మహాబలిపురం అంటారు. ముందు వాగు, పైన సుమారు రెండు వందల అడుగుల నుంచి జలపాతం. పైన రాతి మాటల గురించి అంత సణిగాను కదా, ఇక్కడ ఆ బాధ లేదు. గుడి కట్టలేదు, కొండే గుడి, దాన్ని మార్చి కట్టడం ఎవరి వల్లా కాలేదు. అమ్మగారికి కాస్త నడక ఉంటుంది, రాళ్ళ మీద జారుడు. వానల తర్వాత కార్తీకంలో నీళ్ళు బాగుంటాయి, కార్తీక పౌర్ణమి నాడు మాత్రం జనం విపరీతం. పెంచలకోన కూడా చెప్పండి అంటారు, అది ఈ దారిలో లేదు. రెండూ ఒకే రోజు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

చివరిగా వాన. మాకు పెద్ద వానలు మీకులా జూన్, జులైలో రావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. అంటే మీ కార్తీకం మా తుపాన్ల కాలం. 2021 నవంబరులో పెన్న ఎలా వచ్చిందో మాకింకా కళ్ళ ముందే ఉంది. కోవూరు దగ్గర హైవే కోసుకుపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి మద్రాసు రైళ్ళు ఆగిపోయాయి. అలాంటిది ఏటేటా రాదుగానీ, పైన కడపలో పడ్డ వానకి ఇక్కడ ఎండలోనే ఏరు పొంగుతుంది, అది కొత్తవాళ్ళకి తెలియదు. శుక్రవారం పొద్దున సోమశిల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో పేపర్లో చూడండి. వేలల్లో వదులుతుంటే రేవులో దిగే మాట మరిచిపోయి, నరసింహకొండ పైనుంచి చూడండి, ఆ రోజు ఏరు ఇసక కనబడకుండా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్ళే. రైలు టికెట్లు చేశాక తేదీ చెప్పండి, ఆ వారం జొన్నవాడలో ఏదన్నా ఉత్సవం ఉందేమో అక్కడి అర్చకుల్ని కనుక్కుని చెప్తాను.